కాల్షియం తగిలితే జోరందుకునే పంపులు

ముల్లర్-హింటన్ అని ఒక పోషక ద్రవం ఉంది. రోగి మూత్రంలోనో చీములోనో దొరికిన బ్యాక్టీరియా ఏ మందుకు లొంగుతుందో తేల్చడానికి ప్రపంచమంతటా ల్యాబులు వాడేది దీన్నే. గొడ్డుమాంసం సారం, పాలలోని కేసిన్‌ను ఆమ్లంతో కరిగించిన పొడి, కొద్దిగా స్టార్చి. దినుసులు ఇంతే. అయితే ఒక షరతు ఉంది. లీటరు ద్రవంలో కాల్షియం 20 నుంచి 25 మిల్లీగ్రాములు, మెగ్నీషియం 10 నుంచి 12.5 మిల్లీగ్రాములు ఉండాలి. ఈ లెక్క తప్పితే రిపోర్టు తప్పుతుంది.

తార్నాకలో నేను పనిచేసే డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో ఇలాంటి పోషక ద్రవాలు (మీడియా) కలిపే గదిలోకి బోరు నీళ్లను రానివ్వం. మా ఇల్లు అంబర్‌పేటలో. అక్కడి కుళాయి మూతికి తెల్లగా గట్టిపడే గార చాలు, బోరు నీళ్లలో కాల్షియం ఎంతుంటుందో చెప్పడానికి. తాగే నీళ్లలో లీటరుకు 75 మిల్లీగ్రాముల వరకు ఉన్నా ఫరవాలేదని మన దేశ ప్రమాణం చెబుతుంది. తాగడానికి అది మంచి నీరే. పరీక్షకు మాత్రం అది మూడు రెట్లు ఎక్కువ. అందుకే డిస్టిల్డ్ వాటర్.

కొత్త డబ్బా విప్పినప్పుడు రోగుల శాంపిళ్ల జోలికి పోకముందు 27853 అనే నంబరున్న సూడోమోనాస్ ఎరుజినోసాను పెంచి చూస్తాం. ఏ దేశంలో ఏ ల్యాబ్‌కు వెళ్లినా ఈ నంబరుకు ఇదే వంశం. ఈ మీడియానే గడ్డకట్టించి పోసిన ప్లేటు నిండా దూది పుల్లతో దాన్ని పూసి, జెంటామైసిన్ బిళ్ల పెట్టి, 35 డిగ్రీల వేడిలో రాత్రంతా ఉంచుతాం. తెల్లారి చూస్తే ప్లేటంతా పచ్చటి పూత, మూత కదిలిస్తే ద్రాక్షపళ్ల వాసన. బిళ్ల చుట్టూ మాత్రం గుండ్రంగా ఖాళీ. ఆ ఖాళీని స్కేలు పెట్టి మిల్లీమీటర్లలో కొలుస్తాం. మీడియాలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువైతే ఆ గుండ్రం చిక్కిపోతుంది, తక్కువైతే పెరుగుతుంది. బ్యాక్టీరియా అదే, మందు అదే, మోతాదు అదే. మారిందల్లా నీళ్లలో కరిగిన ఖనిజం.

సూడోమోనాస్ మీద జెంటామైసిన్‌ను పరీక్షిస్తే ఒక ల్యాబ్‌లో ఒక ఫలితం, ఇంకో ల్యాబ్‌లో ఇంకో ఫలితం వచ్చిన కాలం ఒకటుంది. 1970ల నాటికి కారణం దొరికింది. ఈ జాతి బ్యాక్టీరియాకు బయట ఒక కొవ్వు పొర ఉంటుంది. ఆ పొరలోని అణువులన్నీ రుణావేశం ఉన్నవి, ఒకదాన్నొకటి నెట్టేసుకోవాలి. వాటి మధ్య కాల్షియం, మెగ్నీషియం అయాన్లు చేరి పొరను బిగించి పట్టుకుంటాయి. జెంటామైసిన్ వంటి మందులు ఆ అయాన్లను తోసేసి, ఆ సందులోంచి లోపలికి దూరతాయి. బయట కాల్షియం దండిగా ఉంటే తోసేసిన చోటికి మరొకటి వచ్చి కూర్చుంటుంది, మందుకు దారి దొరకదు. అప్పటి నుంచే మీడియాలో కాల్షియానికి హద్దు పెట్టారు.

చాలాకాలం కథ ఇంతే అనుకున్నారు. కాల్షియం గోడను బిగిస్తుంది, మందు లోపలికి పోదు, సరి. లోపలికి పోయిన మందును తోడిపోసే పంపులకూ కాల్షియానికీ సంబంధం ఉందని తేలడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

ఈ మాట ఇంత వివరంగా రాయడానికి కారణం మా కౌంటరు దగ్గర తరచూ వినపడే ప్రశ్న. మొన్న మా అంబర్‌పేట అక్క ఒకావిడ తన భర్త రిపోర్టు పట్టుకొని వచ్చింది. "మేడం, రిపోర్టుల ఎస్ అనే రాసిన్రు గద. ఎస్ అంటే మందు పనిజేస్తదని డాక్టర్ సారే చెప్పిండు. మరి మా ఆయనకు జెరమెందుకు తగ్గుతలేదు?" అని అడిగింది. "అక్కా, ముందు రిపోర్టు, ఆయన వేసుకుంటున్న గోలీలన్నీ పట్టుకొని మళ్లా డాక్టర్ దగ్గరికి పోండి" అన్నాను. అది సరైన సలహాయే. లోపల చీము గడ్డ ఉండొచ్చు, మూత్రం గొట్టం మీద బ్యాక్టీరియా పొర కట్టి ఉండొచ్చు, మోతాదు చాలకపోవచ్చు. వీటితో పాటు ఇంకొక కారణం కూడా ఉంది. ప్లేటు మీద బ్యాక్టీరియా ఒక తీరుగా బతుకుతుంది, మనిషి ఒంట్లో ఇంకో తీరుగా బతుకుతుంది.

పంపుల సంగతి మన తెలుగువాడి పేరుతోనే మొదలుపెట్టాలి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ కంపెనీ పరిశోధన విభాగాన్ని నడుపుతున్నప్పుడు, ఆయన దగ్గర పనిచేసిన బెంజమిన్ డగ్గర్ ఒక నేల సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ను తీశాడు. 1948లో అది లోకానికి తెలిసింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు అదే. సుబ్బారావు ఆ ఏడాదే ఆగస్టులో కన్నుమూశారు. ఆ కుటుంబం మందులు లెక్కలేనంత మందిని బతికించాయి. మెల్లగా వాటికి లొంగని బ్యాక్టీరియా పెరిగింది. ఎందుకు లొంగడం లేదో తెలియలేదు. మందును ముక్కలు చేస్తోందా అని చూస్తే లేదు, మందు చెక్కుచెదరకుండానే ఉంది. 1980లో బోస్టన్‌లో స్టువర్ట్ లెవీ బృందం గుట్టు విప్పింది. ఈ.కోలై అనే బ్యాక్టీరియా టెట్రాసైక్లిన్‌ను లోపలికి రానిచ్చి, వచ్చినదాన్ని వచ్చినట్టే బయటికి తోడేస్తోంది. వీటినే ఎఫ్లక్స్ పంపులు అంటున్నాం.

హైదరాబాద్‌లో పెద్ద వాన పడితే అపార్టుమెంటు సెల్లారులోకి నీళ్లు ఊరుతాయి, మోటారు పెట్టి తోడుతూ ఉంటారు. ఊరే నీళ్లకంటే మోటారు జోరు ఎక్కువైతే నేల తడిగా ఉన్నా కార్లు మునగవు. ఎఫ్లక్స్ పంపు పని ఇదే. మందు లోపలికి వస్తూనే ఉంటుంది, కానీ బ్యాక్టీరియాను చంపేంత మట్టానికి ఎప్పుడూ చేరదు. గోడ ఎంత బిగువుగా ఉంది, మోటారు ఎంత జోరుగా ఉంది అనే రెండూ కలిసి మట్టాన్ని నిర్ణయిస్తాయి. సూడోమోనాస్‌కు ఈ రెండూ గట్టివే. అందుకే ఐసీయూల్లో అది అంత మొండిది.

వీటిలో బాగా శక్తిమంతమైనవాటిని ఆర్‌ఎన్‌డీ పంపులంటారు. ఈ.కోలైలో ఏసీఆర్‌ఏబీ-టోల్‌సీ, సూడోమోనాస్‌లో మెక్స్ఏబీ-ఓపీఆర్‌ఎం వీటి రూపాలు. లోపలి పొర నుంచి బయటి పొర దాటేదాకా ఒకే గొట్టం. కింద ఉండే ప్రధాన భాగంలో ఒకే ప్రోటీన్ ప్రతులు మూడు పక్కపక్కన నిలబడి ఉంటాయి. 2006లో వాటి ఆకృతిని స్ఫటికాల్లో చూసినప్పుడు మూడూ మూడు భంగిమల్లో కనిపించాయి. ఒకటి మందును లోనికి తీసుకుంటోంది, రెండోది పట్టి ఉంచింది, మూడోది గొట్టంలోకి నెట్టేస్తోంది. వంతుల వారీగా ఈ మూడు పనులూ తిరుగుతూ ఉంటాయి. దీన్ని నడిపేది బయటి నుంచి లోపలికి జారే ప్రోటాన్ల ప్రవాహం. ఒకే పంపు టెట్రాసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్, రంగులు, సబ్బులు, పైత్యరసంలోని లవణాలు, అన్నింటినీ తోడగలదు. ఈ పంపులు మన మందుల కోసం పుట్టలేదు. పేగులో పైత్యరసాన్ని తట్టుకోవడానికి ఈ.కోలైకి ఇవి మనం పెన్సిలిన్ కనిపెట్టకముందు నుంచే కావాలి.

ఇక కాల్షియం. ప్రతి జీవకణం తన లోపల స్వేచ్ఛగా తిరిగే కాల్షియాన్ని చాలా తక్కువగా ఉంచుకుంటుంది. ఎక్కువైతే ఫాస్ఫేటుతో కలిసి గడ్డకడుతుంది, ప్రోటీన్లను అంటుకుంటుంది. మన నరాలు, కండరాలు ఈ తేడానే సంకేతంగా వాడుకుంటాయని అందరికీ తెలుసు. బ్యాక్టీరియా కూడా అంతే ఖచ్చితంగా ఉంటుందని తేలడానికి మాత్రం ఒక జెల్లీచేప సాయం కావాల్సి వచ్చింది. 1962లో ఒసాము షిమొమురా బృందం ఒక జెల్లీచేప నుంచి ఎక్వోరిన్ అనే ప్రోటీన్‌ను వేరుచేసింది. కాల్షియం తగిలితే అది నీలంగా వెలుగుతుంది. 1991లో బ్రిటన్ శాస్త్రవేత్తలు దాని జన్యువును ఈ.కోలైలో పెట్టి ఆ వెలుగును కొలిచారు. బయట కాల్షియం ఎంత పెంచినా లోపల మాత్రం దాదాపు 100 నానోమోలార్ దగ్గరే నిలబడింది. మన రక్తంలో స్వేచ్ఛగా ఉండే కాల్షియంతో పోలిస్తే ఇది పదివేల వంతుల్లో ఒక వంతు. అంత తక్కువలో పట్టి ఉంచుతున్నదంటే కాల్షియంతో దానికి ఏదో పని ఉందన్నమాట.

మా ల్యాబ్‌కు కూతవేటు దూరంలో హబ్సిగూడలో ఉన్న సీసీఎంబీ పరిశోధన సంస్థలో యోగేంద్ర శర్మ బృందం ఏళ్ల తరబడి చేసిన పని ఈ దారిలోనిదే. మన కంటి కటకంలో ఉండే బీటాగామా క్రిస్టలిన్ అనే ప్రోటీన్ కుటుంబానికి బ్యాక్టీరియాలో బంధువులున్నాయి, అవి కాల్షియాన్ని పట్టుకుంటాయి. ఆ ప్రోటీన్లు కాల్షియం దొరికితే ఎలా గట్టిపడతాయో, దొరక్కపోతే ఎలా వదులవుతాయో వాళ్లు ఒక్కొక్కటిగా చూపించారు. ఉస్మానియాలో ఎమ్మెస్సీ చదివే రోజుల్లో కాల్షియం అంటే ఎముకలు, కండరాలు అనే మేము నేర్చుకున్నాం. క్యాంపస్ దాటి రెండు బస్టాపులు పోతే, అది బ్యాక్టీరియాకు కూడా కబురు చేరవేస్తుందనే మాట వినపడేది.

2017లో ఈ కబురు నేరుగా కనిపించింది. కొలరాడోలో ఒక బృందం ఈ.కోలై కణాలను ఒక్కొక్కటిగా మైక్రోస్కోపు కింద పెట్టి, అవి ఏదైనా గట్టి ఉపరితలాన్ని అంటుకున్నప్పుడు లోపల కాల్షియం మినుకుమినుకుమని ఎగసిపడడం చూసింది. అదే ఏడాది ఓక్లహోమాలో మరియానా పట్రౌచాన్ బృందం పంపుల సంగతి తేల్చింది. సూడోమోనాస్‌ను రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ కాల్షియంలో పెంచితే జెంటామైసిన్ లాంటి మందైన టోబ్రామైసిన్‌కు లొంగడం తగ్గింది. ఇది గోడ బిగువు వల్లే అయితే, పంపులతో పని లేకుండా కూడా అలాగే జరగాలి. కానీ ఆర్‌ఎన్‌డీ పంపుల జన్యువులను చెడగొట్టిన బ్యాక్టీరియాలో కాల్షియం ఇచ్చే రక్షణ పడిపోయింది. కాల్షియం గోడను మాత్రమే కాదు, మోటారును కూడా ముట్టుకుంటోంది.

ఎందుకు? సూడోమోనాస్ సహజంగా మట్టిలో, నీళ్లలో బతికే జీవి. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య జబ్బు ఉన్నవాళ్ల ఊపిరితిత్తుల్లో అది పాతుకుపోతుంది, అక్కడి స్రావాల్లో కాల్షియం పెరిగి ఉంటుంది. వాపెక్కిన కణజాలం, పగిలిన కణాలు, పుండు, ఇలాంటి చోట్లలో కాల్షియం మట్టం మారుతుంది. బయటి కాల్షియం మార్పును బ్యాక్టీరియా పొర మీది ప్రోటీన్లు పసిగట్టి, లోపలి జన్యువులకు ఆజ్ఞ పంపుతాయి. ఆతిథ్య శరీరంలోకి వచ్చానని, ఇక్కడ దాడి తప్పదని కనిపెట్టడానికి కాల్షియం ఒక గుర్తుగా పనికొస్తుందని నా నమ్మకం. పంపులు పెరగడంతో పాటు బురద లాంటి పొర కట్టుకోవడం, విషాలు వదలడం కూడా కాల్షియంతో పెరుగుతాయి. ఇవన్నీ ఒకే సన్నాహంలో భాగాలు.

మా రిపోర్టులో ఎస్ అని రాసే పరీక్ష లీటరుకు 20 నుంచి 25 మిల్లీగ్రాముల కాల్షియంలో జరుగుతుందని మొదట్లో చెప్పాను. మన రక్తంలో స్వేచ్ఛగా తిరిగే కాల్షియం లీటరుకు దాదాపు 50 మిల్లీగ్రాములు. అంటే పరీక్ష సగం కాల్షియంలో జరుగుతోంది. దీనికి ఒక్క మందును మినహాయించారు, డాప్టోమైసిన్. ఆ మందు బ్యాక్టీరియా పొరలో దిగాలంటే దానికే కాల్షియం తోడు కావాలి. అందుకని దాన్ని పరీక్షించేటప్పుడు మాత్రం 50 మిల్లీగ్రాములకు పెంచుతారు. కాల్షియం ఎప్పుడూ బ్యాక్టీరియా పక్షమే అనుకోకూడదు. మిగతా మందులకు పాత హద్దే కొనసాగుతోంది, దశాబ్దాల ఫలితాలు దానికి ముడిపడి ఉన్నాయి కనుక. ఆ హద్దును తప్పుపట్టను. అందరూ ఒకే కొలబద్ద వాడితేనే హైదరాబాద్ ఫలితాన్ని హాంబర్గ్ ఫలితంతో పోల్చగలం. కానీ ఎస్ అనే అక్షరం ప్లేటు మీద జరిగిందాన్ని చెబుతుంది, ఒంట్లో జరగబోయేదానికి హామీ ఇవ్వదు. మొండి ఇన్ఫెక్షన్లలో డాక్టర్లు ఈ తేడాను మనసులో పెట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం.

పంపులను ఆపే మందు కోసం వెతుకులాట చాలాకాలంగా సాగుతోంది. బీపీకి, గుండె దడకు ఇచ్చే వెరపామిల్ అందులో ఒకటి. అది కణాల్లోకి కాల్షియం పోయే దారులను మూసే మందు. 2011లో లలితా రామకృష్ణన్ బృందం క్షయ బ్యాక్టీరియా మన తెల్లకణాల్లో దూరాక పంపులను పెంచుకుని మందును ఓర్చుకుంటుందని, వెరపామిల్ ఇస్తే ఆ ఓర్పు తగ్గుతుందని చూపించింది. అయితే తర్వాతి పరిశోధనలు వెరపామిల్ కాల్షియం దారులను మూయడం వల్ల కాక, క్షయ బ్యాక్టీరియా పొర శక్తిని దెబ్బతీయడం వల్ల పనిచేస్తోందని చెప్పాయి. మోటారుకు కరెంటు తీసేయడమన్నమాట. బీపీ గోలీతో ఇన్ఫెక్షన్ తగ్గించుకోవచ్చని ఎవరూ ప్రయత్నించవద్దు. పంపును ఆపేంత మోతాదు గుండెను కూడా దెబ్బతీయగలదు.

ఇంతవరకు చదివినవాళ్లు కాల్షియం గోలీలు మానేయాలా అని అడుగుతారు. మానొద్దు. తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020లో పెద్దలకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని తేల్చింది. రాగిజావ తాగినా, పాలు తాగినా, గోలీ మింగినా రక్తంలో కాల్షియం మట్టాన్ని శరీరం తన హద్దుల్లోనే పట్టి ఉంచుతుంది. మీరు తిన్న కాల్షియం వల్ల బ్యాక్టీరియా పంపులు పెరగవు. ఇబ్బంది వేరే చోట ఉంది. సిప్రోఫ్లాక్సాసిన్, టెట్రాసైక్లిన్, డాక్సీసైక్లిన్ కాల్షియాన్ని గట్టిగా పట్టుకుంటాయి. పాలతోనో కాల్షియం గోలీతోనో కలిపి వేసుకుంటే మందు పేగులోనే చిక్కుకుపోతుంది, రక్తంలోకి తగినంత ఎక్కదు. చిన్నపిల్లలకు టెట్రాసైక్లిన్ ఇస్తే పళ్లు పసుపు రంగుకు తిరగడం కూడా ఈ పట్టువల్లే. సిప్రోఫ్లాక్సాసిన్‌ను కాల్షియం గోలీకి 2 గంటల ముందు గానీ 6 గంటల తర్వాత గానీ వేసుకోవాలి. తక్కువ మట్టంలో మందు తగిలిన బ్యాక్టీరియా చావదు, పైగా పంపులు పెంచుకోవడానికి అదొక అవకాశం.

అసలు భయం అక్కడుంది. కాల్షియం వల్ల పెరిగిన పంపులు తాత్కాలికం. చోటు మారితే మళ్లీ తగ్గుతాయి. కానీ మందు తగులుతూ, బ్యాక్టీరియా బతుకుతూ ఉన్న వ్యవధిలో జన్యువుల్లో తప్పులు దొర్లుతాయి. సూడోమోనాస్‌లో మెక్స్‌ఆర్ అనే జన్యువు పంపును అదుపులో పెట్టేది. అది చెడితే పంపు ఇక ఆగదు, ఆ బ్యాక్టీరియా సంతానమంతా ఆగని పంపుతోనే పుడుతుంది. రోగుల నుంచి తీసిన సూడోమోనాస్‌లలో ఇలాంటివి ఎన్నో దొరికాయి.

బ్యాక్టీరియాకు మందు తగిలేది ఒంట్లోనే కాదు, మురుగులోనూ. మా అంబర్‌పేటలో మూసీ నది ఒడ్డున మురుగు శుద్ధి కేంద్రం ఉంది. సామర్థ్యం రోజుకు 33.9 కోట్ల లీటర్లు. మురుగును అక్కడ అరిగించేది బ్యాక్టీరియాయే. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించింది. లీటరులో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ తేలింది. గోలీ మింగిన రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎన్నో రెట్లు ఎక్కువ. శుద్ధి అయిన తర్వాత ఉన్న లెక్క అది. తర్వాత ఆ నీటిని 18 కిలోమీటర్ల పైపులైనులో తెచ్చి నగరం మురుగులో కలిపి అంబర్‌పేట కేంద్రానికి పంపే ఏర్పాటు చేశారు. మందుతో మురుగు బ్యాక్టీరియాను కలిపే పని ఇంతకంటే పక్కాగా ఎవరూ చేయలేరు. 2016లో జర్మనీ బృందం హైదరాబాద్ చుట్టుపక్కల 28 చోట్ల నీటిని పరీక్షించినప్పుడు కూడా యాంటీబయాటిక్స్‌తో పాటు, పెద్ద మందులకు లొంగని బ్యాక్టీరియా దొరికింది.

యాంటీబయాటిక్స్‌కు లొంగని బ్యాక్టీరియా వల్ల 2019లో ప్రపంచంలో 12.7 లక్షల మంది చనిపోయారని లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం లెక్కతేల్చింది. మన ఒంట్లో కాల్షియాన్ని ఎవరూ తీసేయలేరు, తీసేయకూడదు కూడా. నదిలో మందును ఆపడం మన చేతుల్లో ఉంది. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఫ్యాక్టరీల వ్యర్థజలంలో యాంటీబయాటిక్స్‌కు పరిమితులు పెడుతూ ముసాయిదా తెచ్చింది. 2021లో వచ్చిన తుది ఉత్తర్వులో ఆ పరిమితులు లేవు. వాటిని మళ్లీ తేవాలి. అంబర్‌పేట కేంద్రానికి వచ్చే నీటిలో, అక్కడి నుంచి మూసీలోకి పోయే నీటిలో ఏ యాంటీబయాటిక్ ఎంతుందో నెలనెలా కొలిచి, ఒడ్డున బతికే జనానికి చెప్పాలి.

మీరు చేయగలిగింది కూడా ఉంది. స్ట్రిప్ మీద ఎర్ర గీత ఉన్న మందును డాక్టరు చీటీ లేకుండా కొనకండి. కల్చర్ పరీక్ష రాస్తే, మందు మొదలుపెట్టకముందే శాంపిల్ ఇవ్వండి. మీరు కాల్షియం గోలీ వేసుకుంటున్న సంగతి డాక్టరు అడగకపోయినా చెప్పండి.